చాక్లెట్ ఫ్యాక్టరీలో పనివాళ్ళు

స్టడీ అవర్‌లో మన ఇంగ్లీషు టీచర్ గారు ‘చార్లీ అండ్ ది చాక్లెట్ ఫ్యాక్టరీ’ చదివి తెలుగులో చెప్పారు గదా, దాని గురించే రాస్తున్నాను. రాసినాయన రోల్డ్ డాల్. 1916లో వేల్స్‌లో పుట్టారు, 1990లో చనిపోయారు. ఆయన్ని కూడా తొమ్మిదేళ్ళకే హాస్టల్లో వేశారు. పెద్ద స్కూల్లో చదివేటప్పుడు క్యాడ్‌బరీ కంపెనీ కొత్త చాక్లెట్లు పంపి, రుచి చూసి మార్కులు వేయమనేదట. మనకెవరు పంపుతారు!

చార్లీ అంటే నాకు ప్రాణం. ఇంట్లో ఏడుగురు, మంచం ఒక్కటే, రాత్రికి క్యాబేజీ సూపు. పుట్టినరోజుకి వచ్చిన ఒక్క చాక్లెట్‌ని రోజుకి కొంచెం కొరికి నెల పైనే దాచుకుంటాడు. సంతలో నాన్న కొన్న బెల్లం ముక్కని నేనూ అట్లాగే దాచేదాన్ని. చీమలు పట్టేవి.

తరువాత ఊంపా లూంపాలు వచ్చారు. అడవిలో చెట్ల మీద ఇళ్ళు, తినేది గొంగళి పురుగులు. అందరం నవ్వాం. నేనే గట్టిగా నవ్వాను. రాత్రి పడుకున్నాక మా ఊరు గుర్తొచ్చింది. తొలి వానకి దీపం పెట్టి ఉసిళ్ళు పట్టి అమ్మ వేయిస్తుంది, నేను దోసిళ్ళతో తింటాను. మరి ఎవర్ని చూసి నవ్వాను?

వాంకా వాళ్ళందర్నీ పెట్టెల్లో పెట్టి తెస్తాడు. కూలి కోకో గింజలు. మా మామ వాళ్ళని మిరపకోతకి లారీలో తీసుకుపోయి కూలికి మిరపకాయలు కొలిచిచ్చారు. కొత్త మిఠాయి ముందు ఊంపా లూంపాలకే పెట్టి చూస్తారు. ఇరవై మంది ఉబ్బి పండ్లయిపోయారు. ఒక ముసలాయన గాల్లోకి లేచిపోయి మళ్ళీ కనపడలేదు. ఒక్కరికీ పేరు లేదు.

1964లో పుస్తకం వచ్చినప్పుడు వాళ్ళు ఆఫ్రికా అడవి మనుషులట. అమెరికాలో నల్లవాళ్ళు తప్పు పట్టాక 1973లో తెల్లతోలు, బంగారు జుట్టు అని మార్చారు. తోలు మార్చారు గాని కూలి మార్చలేదు. 1983లో ఆయన ఒక పత్రికతో యూదుల గురించి చాలా చెడ్డగా మాట్లాడారు. 2020లో ఆయన కుటుంబం వాళ్ళు క్షమాపణ చెప్పారు. ఈ సంగతులు టీచర్ గారిని అడిగి తెలుసుకున్నాను.

అయినా ‘మటిల్డా’ కూడా చదవమని టీచర్ గారిని అడిగాను. కోపం ఉంది, కథ కూడా కావాలి.

దసరా సెలవుల్లో చెల్లికి ఈ కథ చెప్పాలి. చార్లీ దాకా బాగానే చెప్తాను. తరువాతది ఎట్లా చెప్పాలో తెలీట్లేదు. పక్కన అమ్మ కూడా కూర్చుని వింటది.

– 9వ తరగతి విద్యార్థిని