నానీ ఛాయ

మొన్న ఈద్‌కి అందరం అమ్మీ ఇంట్లో చేరాం. షీర్ ఖుర్మా గిన్నెలు ఇంకా దస్తర్‌ఖాన్ మీదే ఉన్నాయి. మా అబ్బాయి ఫోన్ తెచ్చి అమ్మీ చేతిలో పెట్టాడు. "దాదీ, దేఖో! మీ అమ్మా ఎంత సాఫ్‌గా వచ్చారో!"

అది మా నానీ తస్వీర్. హజ్‌కి పాస్‌పోర్టు కావాలి కాబట్టి తప్పక తీయించుకున్న ఒకే ఒక్క నలుపు తెలుపు ఫోటో. సందూక్‌లో ఉండి ఉండి నలుపు బూడిదయింది, తెలుపు మాసిపోయింది.

అమ్మీ కళ్లద్దాలు సరిచేసుకుని చాలాసేపు చూసింది. "యే మేరీ అమ్మా నై రే" అని ఫోన్ తిరిగిచ్చేసింది. వాడి ముఖం చిన్నబోయింది.

ఇషా నమాజ్ అయ్యాక వాడూ నేనూ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. ఇలాంటి ఫోటోలో ప్రతి చుక్కా ఒక అంకె. కటిక నలుపు 0, పూర్తి తెలుపు 255. నానీ ఫోటోలో అంకెలన్నీ 70కీ 190కీ మధ్యే ఇరుక్కున్నాయి. వాడు బ్రైట్‌నెస్ పెంచి ప్రతి చుక్కకీ 80 కలిపాడు. నానీ దుపట్టా 190, దాని అంచున ఆమె కుట్టుకున్న తెల్లదారం పువ్వులు 180. కలిపితే 270, 260. కానీ 255 దాటితే చోటు లేదు. రెండూ 255 అయిపోయాయి, పువ్వులు ఖతం. మళ్లీ 80 తగ్గించినా రెండూ 175కే దిగుతాయి. పోయిన తేడా వాపస్ రాదు.

అసలు స్కాన్ విడిగా ఉంది, అల్లా కా షుకర్. దానికి ఒక నకలు తీసి లెవెల్స్ తెరిచాం. 70ని నలుపుగా, 190ని తెలుపుగా పెట్టాం. మధ్య అంకెలు తమ వరుస తప్పకుండా ఎడం జరిగాయి. పువ్వులకీ బట్టకీ ఉన్న 10 తేడా 21 అయింది. కాంట్రాస్ట్ అంటే ఇదే. పువ్వులు తేలాయి. కానీ 100 దగ్గరున్న చెంప 64కి దిగింది.

"అబ్బా, నల్లగా అయిపోయారు. కొంచెం గోరాగా చేద్దామా?" అన్నాడు.

ఆ మాట నాకు కొత్త కాదు. న్యూస్‌ప్రింట్ సిరా పీల్చుకుని బొమ్మని ముదురు చేస్తుంది కాబట్టి, మధ్య ఛాయల్ని కాస్త తేల్చి పంపడం పేపర్ డెస్కులో మా పని. ఆ బహానాతో ఎందరు ఆడవాళ్ల చెహరాలు తెల్లబరిచానో! రిష్తాల ఫోటోలకైతే ఇంట్లోవాళ్లే అడిగేవాళ్లు. నేనూ చేసిచ్చాను.

ఉర్దూ మీడియం నుంచి వచ్చి డిగ్రీలో తెలుగు చదివేటప్పుడు 'ఛాయ' దగ్గర తికమకపడ్డాను. నీడకూ అదే మాట, మేని రంగుకూ అదే మాట. ఆ రాత్రి ఆ మాట మళ్లీ గుర్తొచ్చింది.

"వద్దు బేటా" అన్నాను. కొసలు రెండూ కదలకుండా మధ్య ఛాయల్ని మాత్రం తేల్చే స్లైడర్ ఒకటుంది. దాన్ని కొద్దిగా జరిపి, కళ్ల కింది ముడతలు కనబడగానే ఆపేశాం.

మర్నాడు ప్రింట్ తీయించి ఇచ్చాం. అమ్మీ దుపట్టా అంచు మీద వేలు పెట్టింది. "ఈ పువ్వులు కుట్టేటప్పుడు సూదిలో దారం నేనే ఎక్కించేదాన్ని" అంది. తర్వాత మనవడి వైపు తిరిగి, "మా అమ్మా సావ్లీయే బేటా" అంది.

మీ సందూకుల్లోనూ ఇలాంటి తస్వీరులు ఉంటాయి. ముందు స్కాన్ చేసి, అసలుని ముట్టుకోకుండా దాచండి. ఏం చేసినా నకలు మీదే చేయండి. అది మన దగ్గరున్న అమానత్.

మావాడు ఫోన్‌లోంచి ఆ తెల్ల నానీని తీసేశాడు. నేను చెప్పలేదు.