అది ఖాళీ జాగా కాదు

డాలస్‌కు ఉత్తరాన మేముండే ఊళ్లో ఓ వాగు ఉంది. శనివారం పొద్దున్నే కొందరం రంపాలు, కత్తెరలు పట్టుకుని ఆ ఒడ్డున తురకవేప చెట్లు కొడుతుంటాం. తురకవేప మన వైపు చెట్టే. వేపను తలపించే ఆకు, వసంతంలో లేత ఊదా పూలు, చలికాలమంతా కొమ్మలకు వేలాడే పసుపు కాయలు. 18వ శతాబ్దం చివర్లో అందం కోసం అమెరికాకు తెచ్చుకున్నారు. ఇప్పుడది టెక్సస్ వాగుల వెంట మరో మొక్కను మొలవనివ్వకుండా కమ్ముకుపోయింది. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో పుట్టి పెరిగినదాన్ని, ఆ చెట్టు మొదట్లో తొలిసారి రంపం పెట్టినప్పుడు నాకు చెయ్యాడలేదు.

ఈ పని నాకు అలవాటు చేసింది నేటివ్ ప్లాంట్ సొసైటీ ఆఫ్ టెక్సస్. 1980లో పుట్టిన సంఘం, రాష్ట్రమంతటా శాఖలున్నాయి. వీళ్లు విత్తనాలు ఏరతారు, ఎండబెట్టి పంచుకుంటారు, బడిపిల్లలకు మొక్కల పేర్లు నేర్పుతారు. ఎక్కడైనా కొత్త ఇళ్లకు నేల చదును చేయబోతున్నారని తెలిస్తే, యజమాని ఒప్పుకుంటే ముందే వెళ్లి అక్కడి మొక్కలను వేళ్లతో సహా తవ్వి తెచ్చుకుంటారు. ఇంత ఆరాటం ఎందుకంటే, ఈ ప్రాంతపు నల్లరేగడి మీద ఒకప్పుడు పరుచుకున్న గడ్డిభూమిలో ఇవాళ ఒక్క శాతం కూడా మిగల్లేదు. కొంత పత్తిచేల కింద పోయింది, కొంత మాలాంటివాళ్ల కాలనీల కింద పోయింది.

నిరుడు ఎండాకాలం చివర సికింద్రాబాద్ వెళ్లినప్పుడు ఇలాంటివాళ్లే నాకక్కడ తారసపడ్డారు. వాళ్ల గుంపుకు రిజిస్ట్రేషన్ లేదు, బోర్డు లేదు. రిటైరైన ఓ బాటనీ లెక్చరర్, ఇద్దరు ముగ్గురు మాజీ సైనికాధికారులు, కాలేజీ పిల్లలు, మా నాన్నలాంటి రైల్వే పెన్షనర్లు. ఆదివారం తెల్లవారుతూనే నేరేడ్‌మెట్, యాప్రాల్ వైపు రాతిగుండ్ల మధ్య తిరుగుతారు. కనిపించిన ప్రతి మొక్కనూ ఫొటో తీసి ఐనాచురలిస్ట్ యాప్‌లో ఎక్కిస్తారు, నోటుబుక్కులో తెలుగు పేరు రాసుకుంటారు. వాళ్లతో నడిచిన నాకు ఊరు కొత్తగా కనిపించింది.

1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ కంటోన్మెంట్ ఊరికి అప్పటినుంచీ పచ్చదనంలో మంచి పేరే ఉంది. అయితే మనం తలుచుకునే ఆ పచ్చదనంలో ఎక్కువ భాగం బయటిదే. ఎండాకాలంలో దారంతా ఎర్రబడే గుల్‌మొహర్ మడగాస్కర్‌ది. పాత బంగళాల మీద గొడుగు పట్టే నిద్రగన్నేరు దక్షిణ అమెరికాది. రోడ్ల మధ్య డివైడర్లలో నాటిన కోనోకార్పస్ అట్లాంటిక్ తీరాల్లో ఉప్పునీటి అంచున పెరిగే చెట్టు. ఇక్కడి నేల, ఇక్కడి వాన తమకు తాముగా పెంచినవి మాత్రం గుండ్ల సందుల్లో ఉన్నాయి: తంగేడు, పరికి, బలుసు, రేగు, వాక, మోదుగ, రేల. వాటి మీదికి ఎగబాకే గురివింద, తిప్పతీగ, పిల్లిపీచర. కాళ్ల కింద ఉత్తరేణి, తుమ్మి, విష్ణుక్రాంత, పేరు తెలియని గడ్డిజాతులు. వేసవిలో చూస్తే ఎండిన ముళ్లకంప. జూన్‌లో రెండు వానలు పడ్డాక అదే చోట అడుగు తీసి అడుగు వేయలేం, ఎక్కడ ఏ మొలకను తొక్కుతామోనని.

ఊరి జనం దీన్ని ఖాళీ జాగా అంటారు. సర్కారు కాగితాల్లో బీడు. సైన్యం కంచెల లోపల ఉండబట్టి బొల్లారం, తిరుమలగిరి, యాప్రాల్ వైపు కొంత మిగిలింది, లేకపోతే ఈపాటికి అపార్టుమెంట్లు లేచేవి. బొల్లారంలో రాష్ట్రపతి నిలయం చుట్టూ ఉన్న 90 ఎకరాలూ, మౌలాలి గుట్ట వాలులో మిగిలిన తుప్పలూ ఇలా ఏదో కారణాన నిలిచినవే తప్ప, వీటికీ విలువుందని ఎవరో గుర్తించడం వల్ల నిలిచినవి కావు. నా బాధల్లా ఇదే. మనకు చెట్టంటే గౌరవం ఉంది, పొదంటే లేదు. అడవంటే నల్లమలే గుర్తొస్తుంది గానీ దక్కన్ పీఠభూమి మీద రాయి, గడ్డి, ముళ్లపొద కలిసి ఉండటమే ఇక్కడి ప్రకృతి అన్నది తట్టదు.

తట్టకపోతే ఏమవుతుందో 2025లో కంచ గచ్చిబౌలిలో చూశాం. 400 ఎకరాల్లోకి పొక్లెయిన్లు దిగాయి, అది అడవా కాదా అని వాదన నడిచింది, హైదరాబాద్ యూనివర్సిటీ విద్యార్థులు రోడ్డెక్కారు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. ఆ రోజుల్లో డాలస్‌లో మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో రాత్రిళ్లు అదే చర్చ. నెమళ్ల గురించి, జింకల గురించి అందరూ మాట్లాడారు. వాటికి తిండీ నీడా ఇచ్చిన పొదల పేర్లు మాత్రం ఎవరి నోటా రాలేదు.

ఉన్నదాన్ని కాపాడుకోవడంలో జంటనగరాలకు మంచి వారసత్వమే ఉంది. సొసైటీ టు సేవ్ రాక్స్ 1996 నుంచీ గుండ్లను కాపాడమని పోరాడుతోంది. గుండు నిలిస్తే దాని నీడన తేమ నిలుస్తుంది, తేమ ఉంటే మొక్క బతుకుతుంది. బీజాపూర్ రోడ్డు వెడల్పు చేస్తారని తెలిసి చేవెళ్ల దారిలోని మర్రిచెట్ల కోసం నిలబడినవాళ్లు ఉట్టి నినాదాలతో సరిపెట్టలేదు. చెట్టు చెట్టునూ లెక్కపెట్టారు, 900కు పైగా మర్రులని తేల్చి, ఆ లెక్కతో గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. పేరూ లెక్కా లేనిదాన్ని ఏ కోర్టూ కాపాడలేదు. నేరేడ్‌మెట్ గుండ్ల మధ్య మా లెక్చరర్ గారు నోటుబుక్కు నింపడం కూడా ఆ పనే.

ఆమెతో నడుస్తుంటే ఓ రోజు కాలనీ పార్కులో గడ్డి కోసే మెదక్ ఆమె జతకూడింది. మాకు పట్టని పేర్లన్నీ ఆమె నోట్లో ఉన్నాయి. ఓ మొక్క చూపించి, "ఇది నల్లాలం. దెబ్బ తాకితే ఆకు నలిపి పిండుకుంటం" అంది. "అది కూడా అమెరికా నుంచి వచ్చిందేనమ్మా" అన్నారు లెక్చరర్ గారు. ఆమె కొడవలి ఆపి, "అయితేంది మేడమ్, మా దెబ్బలు మాన్పింది గద" అంది.

ఆ మాట నిజమే. సీతాఫలం అమెరికా ఖండానిది, బతుకమ్మలో పేర్చే బంతి మెక్సికోది, చింత ఎన్నడో ఆఫ్రికా నుంచి వచ్చింది. వీటిని పెరికేయాలని ఆ గుంపులో ఎవరూ అనరు. వాళ్ల పోరాటం నేలను మింగేసేవాటితోనే. అందులో మొదటిది సర్కారు తుమ్మ.

మన దేశంలో దాని చరిత్ర తెలుగునేల మీదే మొదలైంది. మద్రాసు ప్రెసిడెన్సీలో బెడ్డోమ్ అనే అటవీ అధికారి మెట్ట ప్రాంతాల్లో వంటచెరకు కోసం విత్తనాలు తెప్పించాడు. 1878లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. మేకలు, పశువులు కాయలు తిని విత్తనాలను ఊరూరికీ మోశాయి. కొడితే మొదట్లోంచి పది కొమ్మలు వేస్తుంది, వేరుతల తవ్వి తీస్తే తప్ప చావదు. యాప్రాల్ వైపు దాన్ని తవ్వడానికి ఒక్కో మొదలు దగ్గర ఇద్దరు కుర్రాళ్లు పొద్దంతా చెమటోడ్చడం చూశాను. దాని దగ్గరి చుట్టమే మా టెక్సస్‌లో మెస్కీట్. మాంసం కాల్చడానికి ఆ కట్టె పొగే కావాలంటారిక్కడ. ఇంకో చుట్టం మన జమ్మి, తెలంగాణ రాష్ట్ర వృక్షం. దసరా నాడు ఆకును బంగారమని చేతిలో పెట్టి పెద్దల కాళ్లకు మొక్కుతాం, కానీ ఆ రోజు సికింద్రాబాద్‌లో జమ్మి చెట్టు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఎంతమంది? అందుకే ఆ గుంపువాళ్లు సర్కారు తుమ్మ తీసిన గుంటల్లో కొన్నిటిలో జమ్మి పెట్టారు. అది చాలా నెమ్మదిగా ఎదుగుతుంది. పెట్టినవాళ్లలో సగం మంది డెబ్బై దాటినవాళ్లు.

"దేశం దాటి వెళ్లినదానివి, నువ్వే పరాయి మొక్కలని నరుకుతావేంటక్కా?" అని మా తమ్ముడు అడిగాడు. ఈ పోలిక మనుషులకు అంటగట్టకూడదు, అంటగట్టేవాళ్లను నేను సహించను. మనిషి కొత్త ఊళ్లో భాష నేర్చుకుంటాడు, పక్కింటివాళ్లతో పంచుకుంటాడు. మొక్క సంగతి వేరు. పుట్టినచోట దాన్ని తినే పురుగులు, దానికి పట్టే తెగుళ్లు దాన్ని అదుపులో ఉంచుతాయి. సముద్రం దాటినప్పుడు అవి వెనకే ఉండిపోతాయి. వయ్యారిభామ అమెరికా నుంచి వచ్చి మన పొలాల్లో అలా విరగబడింది. చివరికి దాన్ని తినే పురుగును మెక్సికో నుంచి తెచ్చి 1980లలో బెంగళూరులో వదలాల్సి వచ్చింది.

మొక్కకూ పురుగుకూ ఉన్న ఈ బంధం నాకు బాగా అర్థమైంది జిల్లేడు దగ్గర. అక్టోబరులో టెక్సస్ మీదుగా మోనార్క్ సీతాకోకచిలుకలు మెక్సికోకు వలసపోతాయి. వాటి గొంగళి పురుగులు మిల్క్‌వీడ్ అనే పాలమొక్కను తప్ప వేరేది ముట్టవు, అందుకే మా సంఘంవాళ్లు ఇంటింటా ఆ మొక్క పెట్టమని బతిమాలతారు. మన ఊళ్లో గోడల పక్కన పెరిగే జిల్లేడు ఆ కుటుంబానిదే. దాన్ని తిని పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుక, ప్లెయిన్ టైగర్, మోనార్క్‌కు స్వయానా చుట్టం. టెక్సస్‌లో మిల్క్‌వీడ్ కోసం డబ్బు పోసి విత్తనం కొంటున్నాం, మన ఊళ్లో మున్సిపాలిటీ మనుషులు జిల్లేడును పిచ్చిమొక్కని పీకేస్తున్నారు. తంగేడు మీద పచ్చని తెల్ల సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి, రేగు మీద నల్లచుక్కల చిన్నవి. కోనోకార్పస్ వరసల కింద నిలబడి వెతికాను, అలాంటిదేమీ కంటబడలేదు. గుజరాత్ 2023లో దాన్ని నాటొద్దంది.

తెలంగాణలో మొక్కలు నాటే హరితహారం 2015లో మొదలైనప్పుడు విదేశాల్లోని మనవాళ్లు చాలామంది విరాళాలిచ్చారు. మేమూ ఇచ్చాం. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను, ఎండిన ఊళ్లకు నీడ కావాలి. కానీ నాటిన మొక్కల సంఖ్యను బట్టి పచ్చదనాన్ని కొలిస్తే, నాటడానికి చోటు కావాలి గనుక ముందు ఉన్న పొదలను చదును చేస్తారు. దశాబ్దాలుగా అక్కడున్న వాక పొదకు లెక్క లేదు, నిన్న పాతిన నర్సరీ మొక్కకు ఉంది. మొక్కలు నాటడం మంచి పనే. అయితే ఉన్నవాటిని ఉండనివ్వడం దానికంటే ముందు చేయాల్సిన పని. డబ్బు పంపే చేతులు ఈ రెండోదాని గురించి కూడా అడగాలి.

బతుకమ్మ దగ్గర ఇది మరీ గుచ్చుకుంటుంది. మా డాలస్ హాల్లో బంతి, చామంతి దొరుకుతాయి, గునుగు దొరకదు. కొందరు కాగితంతో చేస్తారు. సికింద్రాబాద్‌లో మా అమ్మ చిన్నప్పుడు తంగేడు, గునుగు ఇంటి వెనక జాగాల్లోంచే కోసుకొచ్చేవారు. ఇప్పుడు మోండా మార్కెట్‌లో కట్టలు కొనాలి, అవి ఊరి బయట ఎక్కడెక్కడి నుంచో వస్తాయి. రాష్ట్రపుష్పం తంగేడు, రాష్ట్ర పండుగ బతుకమ్మ. ఆ పువ్వు మొలిచే నేల కూడా మిగలాలి కదా.

ఆ గుంపుకు విత్తనాల పని ఏడాది పొడవునా ఉంటుంది. వేపగింజ రాలిన కొద్ది వారాల్లోనే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది, ఏరిన వెంటనే వేయాలి. రేల, తంగేడు గింజల తొక్క గట్టిది, గరుకు రాయి మీద గీకాలి లేదా వేడినీళ్లలో నానబెట్టాలి. మర్రి, రావి గోడల పగుళ్లలో మొలిచినప్పుడు ఇంటివాళ్లు కిరోసిన్ పోయకముందే వెళ్లి వేరు తెగకుండా తీసి సంచుల్లో పెడతారు. నర్సరీల్లో తంగేడు అడిగితే ఎగాదిగా చూస్తారు, అమ్ముడుపోదని పెంచరు. అందుకే పాల ప్యాకెట్లలో వాళ్లే పెంచుకుంటున్నారు.

కాలనీ పార్కు వెనక ఓ గుండు చుట్టూ ఉన్న కాస్త నేలకు సిమెంటు టైల్స్ వేయాలని అసోసియేషన్ తీర్మానించింది. అక్కడున్న మొక్కల జాబితా రాసి, వేయొద్దని అర్జీ ఇచ్చారు. మెదక్ ఆమె కూడా వేలిముద్ర వేసింది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా రేల కాయలు ఏరే పని మా నాన్న తన మీద వేసుకున్నారు. తంగేడు గింజలకు నీళ్లు మరిగాక పోయాలా, గోరువెచ్చగా అయ్యాక పోయాలా అని ఆయనకూ లెక్చరర్ గారికీ ఫోన్లో వాదన నడుస్తోంది. రెండు గిన్నెల్లో రెండు రకాలుగా వేసి చూడమన్నాను, జూన్ వానలకు మొలకలు తేలుస్తాయి.