ఏటికొప్పాకలో నాలుగు చక్రాలు

విశాఖపట్నం నుండి రాజమండ్రి వైపు రైలులో ప్రయాణించిన మన ఉద్యోగ మిత్రులలో ఎలమంచిలి స్టేషను పేరు చదవనివారు ఉండరు. అక్కడ దిగినవారు మాత్రం తక్కువే. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో నేను ఆ మార్గాన ఎన్నిమార్లు వెళ్ళి వచ్చానో లెక్క లేదు. దిగింది మాత్రం 2024 డిసెంబరులో, ఒక రెండవ శనివారం నాడు, మా శ్రీమతితో కలిసి. కారణం చెబితే మిత్రులు నవ్వుతారేమో! నాకు నాలుగు చక్రాలు కావలసి వచ్చాయి. ఒక్కొక్క చక్రం వ్యాసం 27.5 మిల్లీమీటర్లు.

ఈ చక్రాల సంగతి తెలియాలంటే ముందు నా గుండె సంగతి కొంత చెప్పక తప్పదు. ఆ సంవత్సరం ఫిబ్రవరిలో డ్యూటీలో ఉండగా ఎడమ భుజం లాగడం మొదలైంది. దానిని గ్యాసు క్రింద జమకట్టి, జీలకర్ర నీళ్ళు త్రాగి, షిఫ్టు ముగించుకొని ఇంటికి వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆసుపత్రి చేరేసరికి నాలుగు గంటలు వృథా అయ్యాయి. పంపులో ఏ మాత్రం తేడా శబ్దం వినిపించినా వెంటనే ఆపించి, విప్పించి చూసే మెయింటెనెన్సు ఇంజనీరు తన పంపు విషయంలో చేసిన నిర్వాకం ఇది.

రెండు స్టెంట్లు వేశారు. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం అన్నారు. అంటే నా గుండెలో అరవై పాళ్ళు పోయిందని భావించి రెండు రాత్రులు నిద్రపోలేదు. తరువాత డాక్టరుగారు ఓపికగా విడమరచి చెప్పారు. గుండె గది నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఒక్క స్పందనకు బయటకు వెళ్ళే భాగమే ఆ శాతమట. ఆరోగ్యవంతునికి కూడా అది నూరు ఉండదు, సుమారు 55 నుండి 70 వరకు ఉంటుంది. ఈ మాట మొదటిరోజే తెలిస్తే ఆ రెండు రాత్రులు మిగిలేవి. మన కాలనీలో ఇంకెవరైనా నాలాగే కంగారు పడుతూ ఉంటారేమోనని ఇక్కడ వ్రాస్తున్నాను.

డిశ్చార్జి అయిన తరువాత ఉదయం అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలు నడక. వారానికి కొంత చొప్పున పెంచుకోవాలి. షిఫ్టు డ్యూటీ నుండి తప్పించి ప్లానింగు విభాగంలో కూర్చోబెట్టారు. అది నా మేలుకోరి చేసిన పనేనని ఇప్పుడు తెలుస్తున్నది. అప్పుడు మాత్రం అవమానంగా తోచింది. ఖాళీ సాయంత్రాలు భారమయ్యాయి. అటువంటి రోజులలో బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఒక పెట్టె తెచ్చి నా ముందు పెట్టింది. జపానుకు చెందిన తమియా కంపెనీవారి కారు కిట్టు. అసలు కారులో ఇరవై నాలుగవ వంతు. భాగాలన్నీ ప్లాస్టిక్ చట్రాలకు అంటుకొని ఉంటాయి. ఒక్కొక్కటి కత్తిరించి, గరుకు తీసి, అతికి, రంగు వేసుకోవాలి.

పిల్లల ఆట అనుకొన్నాను. రోజుకు అరగంట చొప్పున రెండు నెలలు పట్టింది. నా మందులకు ఈ పనితో విచిత్రమైన సంబంధం ఉన్నది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రల వలన చిన్న బ్లేడు గాటు పడినా రక్తం ఒక పట్టాన ఆగదు. అందుచేత ఎడమ చేతికి దళసరి తొడుగు, పక్కన దూదీ గుడ్డా లేకుండా కత్తి పట్టరాదని మా శ్రీమతి శాసనం. థిన్నరు కలిపే రంగుల ఘాటు పడక, నీటితో కలిపే యాక్రిలిక్ రంగులకు మారాను. ఇక గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకరు మాత్ర చేతివణుకును కూడా తగ్గిస్తుంది. కిటికీ అంచున సన్నని నల్లగీత గీసేటప్పుడు ముప్ఫై ఏళ్ళ వయసులో కూడా నా చేయి అంత నిలకడగా లేదు!

ఆ జపాను కారు పూర్తయింది కాని, దానిపై నాకు మమకారం కలగలేదు. నా జీవితంలో నేనెక్కిన కారు అది కాదు. నేను ఉద్యోగంలో చేరిన రోజున స్టేషను నుండి నన్ను గెస్టుహౌసుకు తీసికొని వెళ్ళింది తెల్ల అంబాసిడరు. అర్ధరాత్రి బ్రేక్‌డౌన్ కబురు వచ్చినప్పుడు గుమ్మం ముందు ఆగినదీ, మా అమ్మాయి పుట్టినప్పుడు తల్లీబిడ్డలను ఇంటికి చేర్చినదీ అదే. హిందుస్థాన్ మోటార్స్ వారు బెంగాలులోని ఉత్తరపాడాలో 1957 నుండి 2014 వరకు దానిని తయారు చేశారు. దాని కిట్టు నాకు ఎక్కడా దొరకలేదు. కనుక సొంతంగా చేయడానికి పూనుకొన్నాను.

చక్రానికీ చక్రానికీ మధ్య దూరం 2464 మిల్లీమీటర్లు. ఇరవై నాలుగుతో భాగిస్తే 102.7. పొడవు 4325, అది 180 అయింది. ఇంతవరకు గణితం సులువే. అయితే అన్నీ ఒకే తీరున తగ్గవు. పొడవు 24 వంతులు తగ్గితే బరువు 13,824 వంతులు తగ్గాలి. ఆ లెక్కన సుమారు 1100 కిలోల అంబాసిడరు నా బల్లమీద 80 గ్రాములు తూగాలి. నాది వంటింటి త్రాసులో 140 తూగింది. యజమాని బరువు సంగతి డాక్టరుగారు ఎలాగూ చెబుతూనే ఉన్నారు. రంగుపూత మందం తగ్గమన్నా తగ్గదు. చెక్కలోని ఈనెలు తగ్గవు. పనిచేసే మనిషి వ్రేళ్ళు అసలే తగ్గవు.

బాడీని పలుచని ప్లాస్టిక్ షీట్లతో, మెత్తని కర్రముక్కలతో ఎలాగో రాబట్టాను. చక్రాల దగ్గర ఓడిపోయాను. ఆకురాయితో ఎంత అరగదీసినా కేంద్రం కుదరలేదు. బల్లమీద తోస్తే బండి కుంటుతున్నది. మన వర్కుషాపులో లేతులు లేవా అని మిత్రులు అడగవచ్చు. ఉన్నాయి. సంస్థ యంత్రం మీద సొంత పని చేయించే అలవాటు ఇన్నేళ్ళుగా లేదు, పదవీ విరమణకు మూడేళ్ళ ముందు మొదలుపెట్టదలచలేదు. (విజిలెన్సు మిత్రులు ఈ పేజీ చదువుతారని వ్రాసిన వాక్యం కాదిది.) అప్పుడు మా శ్రీమతి అన్నది: "గుండ్రటి వస్తువు కావాలంటే ఏటికొప్పాక వెళ్ళాలి గాని, ఆకురాయితో కుస్తీ ఎందుకండీ?"

ఎలమంచిలిలో దిగి ఆటో మాట్లాడుకొన్నాము. దారి పొడవునా చెరకు తోటలు, మధ్యమధ్య కొబ్బరి చెట్లు. అంతకు ముందు అనకాపల్లి స్టేషను దాటుతున్నప్పుడు, దగ్గరలోనే ఉన్న శంకరం గ్రామపు బొజ్జన్నకొండ జ్ఞాపకం వచ్చింది. ఆ బౌద్ధ గుహల మెట్లు ఒకప్పుడు ఆగకుండా ఎక్కాను. ఆ మాట పైకి అనలేదు. ఆమె కూడా అటువైపే చూస్తున్నది, ఏమీ అనలేదు.

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉన్నది. ఊరిలోకి అడుగు పెట్టగానే ముందుగా పలకరించేది శబ్దం. ఒక ఇంటిలో లేత్ మోటారు రొద, పక్క ఇంటిలో చెక్కను ఉలి తాకిన కీచు. ఇక్కడి బొమ్మలకు అంకుడు కర్ర వాడతారు. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రను చెక్కి, ముక్కలు అతికి చేసినది. ఏటికొప్పాక బొమ్మ లేతు మీద తిరుగుతూ పుట్టినది. అందుకే ఇక్కడ ప్రతి వస్తువులోనూ ఒక గుండ్రదనం కనిపిస్తుంది. అంకుడు తెల్లగా, దంతంలాగ ఉంటుంది, ఈనె సన్నం. కోసిన కర్రను కొన్ని నెలలు ఆరనివ్వాలి. పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటి వాటి నుండి తీసిన రంగులను లక్కలో కలిపి కడ్డీలుగా చేస్తారు. ఈ సహజ రంగుల పునరుద్ధరణకు ఎంతో కృషి చేసిన శ్రీ సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ప్రకటించారు. బొమ్మలకు 2017లోనే భౌగోళిక గుర్తింపు లభించింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఈ బొమ్మలతోనే నడిచిందని పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

మేము వెళ్ళిన ఇంటి మేస్త్రీగారికి అరవై దాటి ఉంటాయి. నేను సంచిలో నుండి డ్రాయింగు, వెర్నియర్ కాలిపరు తీశాను. ఆయన డ్రాయింగు వైపు మర్యాదకు ఒకసారి చూశారు. కాలిపరును చూసి, "అదెందుకు బాబూ, ఒక సక్రం ఉంటే ఇవ్వండి" అన్నారు. నేను చేసిన వంకర చక్రాలలో కాస్త మేలైనది ఇచ్చాను. వ్యాసం 27.5 అని చెప్పి అందులో ఎక్కడ కొలవాలో చూపాను. ఆయన రేకుముక్క తీసికొని అంత వెడల్పు గాటు కత్తిరించారు. అదే గేజి. మన ఇన్‌స్పెక్షన్ విభాగంలో గో, నో-గో గేజి అని మనం వ్యవహరించే దానికి తోబుట్టువు.

కర్రను బిగించారు. మోటారు తిరిగింది. ఉలి ఆనించగానే తెల్లని రిబ్బనులాగ పొట్టు ఎగిరింది. నేను జేబురుమాలు ముక్కుకు కట్టుకొన్నాను. చక్రం ఆకారం రాగానే నల్ల లక్కకడ్డీని తిరుగుతున్న చెక్కకు అదిమారు. రాపిడి వేడికే లక్క కరిగి పరుచుకొన్నది. టోపీ భాగానికి మాత్రం రంగు వేయకుండా అంకుడు తెలుపునే వదిలారు. చివర మొగలి ఆకుతో పట్టి ఉంచితే మెరుపు వచ్చింది. ఈ తీరున ఒక్కో చక్రమూ రేకుగాటులోకి వెళ్ళి చూసుకొని బయటకు వచ్చింది. తరువాత నా మనసు ఊరుకోక కాలిపరుతో కొలిచాను. 27.4, 27.5, 27.5, 27.7. నాలుగవదానికి నేను ముఖం పెట్టినట్లున్నాను, ఆయన అడక్కుండానే స్టెప్నీకని ఐదవది మొదలుపెట్టారు.

ఆ ఐదవదాన్ని నేను పడతానని అడిగాను. ఆయన జరిగి చోటిచ్చారు. క్రిందికి వంగి కూర్చొని ఉలి ఆనించాను. చేయి వణకలేదు. కాని ఒక నిమిషం గడిచేసరికి ఛాతీలో ఆ పాత బిగువు మొదలైంది. నుదుట చెమట. ఆయన మోటారు ఆపి, "ఊపిరి బిగబట్టీసేరు బాబూ. సెక్క ఎక్కడికీ పోదు, ఊపిరొదలండి" అన్నారు.

నిజమే. బలం పట్టేటప్పుడు ఊపిరి బిగబట్టవద్దని ఆసుపత్రిలో మొదటివారమే చెప్పారు. బరువులు ఎత్తడానికి సంబంధించిన మాట అనుకొన్నాను. సన్నపని చేస్తూ బిగబడతానని నాకు తెలియదు. నన్ను కలవరపెట్టింది వేరొక విషయం. ఆ బిగువు నాకు క్రొత్త కాదు. మూడు వారాలుగా ఇంటిలో బల్లదగ్గర వంగినప్పుడల్లా వస్తున్నది. ఎవరికీ చెప్పలేదు. చెబితే కిట్టు మూయించి అటక ఎక్కిస్తారని భయం. ఫిబ్రవరిలో చేసిన పనినే డిసెంబరులో మళ్ళీ చేస్తున్నానన్న మాట.

నేను లేచేసరికి మా శ్రీమతి అరుగుమీద లక్కపిడతలు చూస్తున్నది. రోలు, పొయ్యి, చెంబు, తిరగలి. చిన్నతనంలో తమ పెరటిలో ఇటువంటి తిరగలితోనే ఇసుక విసిరి పిండివంటలు చేసేవారట. "మీరిప్పుడు కట్టేదేదో మేము అయిదేళ్ళకే ఆడాము" అన్నది. ఆ తిరగలి, ఆమె లెక్క ప్రకారం, ఏ స్కేలులో ఉన్నదో తేల్చడానికి నేను ప్రయత్నించలేదు. ఒకటి కొన్నది.

తిరుగు ప్రయాణానికి ముందు వరాహ ఒడ్డున కూర్చున్నాము. ఇసుక ఎక్కువ, నీరు తక్కువ. అక్కడ ఆమెతో మూడు వారాల సంగతి చెప్పాను. ఆమె కోపగించలేదు. కోపగించి ఉంటే నాకు సులువుగా ఉండేది. సంచిలో నుండి నాలుక క్రింద పెట్టుకొనే మాత్రల సీసా తీసి, నా చొక్కా జేబులో వేసి, "ఇది నా సంచిలో ఉంటే మీకేం లాభం?" అన్నది. ఆ తరువాత ఎలమంచిలి వచ్చేవరకు మాట్లాడలేదు.

సోమవారం డాక్టరుగారి వద్దకు వెళ్ళాము. ఇ.సి.జి., ఎకో, ఆపైన ట్రెడ్‌మిల్ పరీక్ష. క్రొత్త అడ్డంకి సూచనలు లేవు. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 48 అన్నారు. వంగి కూర్చోవడం, ఊపిరి బిగబట్టడం కారణాలై ఉండవచ్చునట. అయితే తేల్చవలసినది తాము గాని నేను కాదని, ఇకముందు బిగువు వచ్చిన రోజునే చెప్పమని కాస్త గట్టిగానే అన్నారు. బల్ల ఎత్తు ఆరు అంగుళాలు పెంచాను. అరగంటను రెండు పావుగంటలు చేశాను. నేను పని చేస్తున్నంతసేపు పక్కగదిలో నుండి ఆమె ఏదో ఒకటి అడుగుతూ ఉంటుంది. సమాధానం చెప్పాలంటే ఊపిరి వదలాలి కదా! అది ఆమె కనిపెట్టిన ఉపాయమో, మామూలు కబుర్లో ఇంతవరకు అడగలేదు.

చక్రాలు బిగించాను. 27.7 ఉన్నది వెనుక కుడివైపున పడింది. బల్లమీద తోస్తే బండి తిన్నగానే పోతుంది, చివర రవంత ఎడమకు మొగ్గుతుంది. నేనెక్కిన అంబాసిడర్లలో చాలా వాటికి ఆ గుణం ఉండేది కనుక సరిచేయలేదు. పైన తెల్లరంగు ఇంకా రెండు పూతలు పడాలి, ముందు గ్రిల్లు చేయాలి. నేను సగం పట్టిన ఐదవ చక్రం డిక్కీలో ఉన్నది. తిరగలి మాత్రం కారు పక్కనే ఉంచింది. కారు కన్నా అదే పెద్దదిగా కనిపిస్తున్నది.