అమ్మ హీటరు

మా అమ్మ బస్టాండు పక్కన టీకొట్టు నడిపేది. ఇది 1994 నాటి మాట. రేషను కిరసనాయిలు నెల సగం కాకముందే అయిపోయేది. అందుకని పాలకూ నీళ్లకూ ఒక కరెంటు హీటరు కొన్నది. అలాంటిదాన్ని మీరూ చూసే ఉంటారు. గుండ్రటి పింగాణీ పలక, దాని గాడిలో స్ప్రింగులా చుట్టిన తీగ. అడుగున 230 వోల్టులు, 1000 వాట్లు అని రాసి ఉండేది.

ఆ తీగ అప్పుడప్పుడు తెగేది. కొత్త కాయిల్ కొనాలంటే ఆ రోజు బేరంలోంచి డబ్బు తీయాలి. అమ్మ ప్లగ్గు పీకి, కాలిపోయిన ముక్క కత్తిరించి, మిగిలిన రెండు కొసలనూ కొక్కేల్లా వంచి ఒకదానికొకటి తగిలించేది. హీటరు మళ్లీ వెలిగేది. మునుపటికంటే ఎర్రగా కూడా వెలిగేది. "చూశావా, అతుకు పడ్డాక ఇంకా చురుకైంది" అని అమ్మ మురిసిపోయేది.

ఒక రోజు తెల్లవారుజామున కొట్టంతా ఏదో కాలుతున్న వాసన. చూస్తే ప్లగ్గు మెత్తబడి సాకెట్టుకు అతుక్కుపోయింది. పైన తాటాకు పందిరి. అమ్మ తడిచేత్తోనే దాన్ని పీకబోయింది. నేను పరుగెత్తి మెయిను కట్టేశాను. నాసిరకం ప్లగ్గు అంటగట్టాడని అమ్మ దుకాణదారుణ్ణి తిట్టి మరొకటి తెచ్చింది. రెండు వారాలకు అదీ కరిగింది.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. ఆ రోజుల్లోనే మళ్లీ పుస్తకం పట్టి, రాత్రిళ్లు కొట్టు మూశాక చదువుకునేదాన్ని. అప్పుడు విద్యుత్తు పాఠం నడుస్తోంది. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం ఓమ్‌లలో వస్తుంది. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే సామర్థ్యం వాట్లలో వస్తుంది. అభ్యాసంలో అన్నీ బల్బుల లెక్కలే. నాకు మాత్రం మా హీటరు గుర్తొచ్చింది.

1000 వాట్లను 230 వోల్టులతో భాగించాను. 4.35 ఆంపియర్లు. 230ని 4.35తో భాగిస్తే సుమారు 53 ఓమ్‌లు. ఇది కొత్త హీటరు సంగతి. మరి అతుకులు పడ్డ మా హీటరు? నా దగ్గర మీటరేమీ లేదు. ఒక కొత్త కాయిల్ కొనుక్కొచ్చి, రెండింటిలోనూ చుట్లు లెక్కపెట్టాను. కొత్తదానిలో 390, పాతదానిలో 260. అంటే తీగలో మూడో వంతు పోయింది. అదే రకం, అదే మందం తీగ కనుక నిరోధం కూడా మూడో వంతు తగ్గి, సుమారు 35 ఓమ్‌లు అయి ఉండాలి.

ఇక్కడ నేను చాలాసేపు తికమకపడ్డాను. నిరోధం వల్లనే వేడి పుడుతుందని పాఠంలో ఉంది. నిరోధం తగ్గితే వేడి తగ్గాలి కదా? ఆంపియర్లను మార్చకుండా 4.35 దగ్గరే ఉంచి లెక్క చేస్తున్నానని తర్వాత తెలిసింది. ఇంట్లో సాకెట్టు దగ్గర మారకుండా ఉండేది ఇంచుమించు వోల్టేజి ఒక్కటే. నిరోధం తగ్గితే ప్రవాహం పెరుగుతుంది. 230ని 35.3తో భాగిస్తే 6.5 ఆంపియర్లు. దాన్ని 230తో గుణిస్తే దాదాపు 1500 వాట్లు! ప్లగ్గు మీద చూస్తే 5 ఆంపియర్లని ఉంది. పాపం, దుకాణదారు తప్పేమీ లేదు.

పైగా పిన్ను సరిగా బిగియని చోట కొంత నిరోధం ఉంటుంది. అది అర ఓమ్ అనుకుందాం. అక్కడ పుట్టే వేడికి ఆంపియర్లను ఆంపియర్లతోనే గుణించి, ఆ వచ్చినదాన్ని నిరోధంతో గుణించాలి. 4.35 ఆంపియర్లకు తొమ్మిదిన్నర వాట్లు, 6.5కు 21 వాట్లు. ప్రవాహం ఒకటిన్నర రెట్లయితే వేడి రెండింతలు దాటింది.

వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుందనే నియమాన్ని ఓమ్ 1827లో అచ్చువేశాడు. ఆయన తండ్రి తాళాలు చేసే పనివాడు. సొంతంగా లెక్కలు నేర్చుకుని కొడుకులకు చెప్పాడట. నేను చదివిన పాఠంలో ఈ సంగతి లేదు. ఉంటే నాకు ఇంకాస్త ధైర్యంగా ఉండేది.

మర్నాడు అమ్మతో, "నీ అతుకుల వల్ల కరెంటు బిల్లు పెరుగుతోంది" అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "పాలు తొందరగా పొంగుతున్నాయి కదే! అంత తొందరగా కట్టేస్తున్నాను" అంది. లెక్క వేసి చూశాను. 1000 వాట్ల హీటరు గంటకు ఒక యూనిట్ కాలుస్తుంది. 1500 వాట్లది అదే యూనిట్‌ను 40 నిమిషాల్లో కాలుస్తుంది. అవే పాలకు యూనిట్లు దాదాపు అవే. ఆ వాదనలో అమ్మే గెలిచింది.

నేను ఇంకో దారిన వచ్చాను. 390 చుట్లు 1000 వాట్లు పంచుకుంటే చుట్టుకు రెండున్నర వాట్ల పైచిలుకు. 260 చుట్లు 1500 వాట్లు పంచుకుంటే చుట్టుకు దగ్గర దగ్గర ఆరు. "తీగ ఎంతకని ఓర్చుకుంటుందమ్మా?" అన్నాను.

అమ్మ గరిటె పక్కన పెట్టింది. "అందుకా! మొదటిసారి ఆరు నెలలకు తెగింది. పోయినసారి పది రోజులకే తెగింది" అంది. ఆ లెక్క ఆమె మనసులో ఉంచుకుందని నాకు అప్పటిదాకా తెలియదు. కాసేపాగి, "మరి నాకు అంత వేడే కావాలంటే?" అని అడిగింది.

1500 వాట్ల హీటరే కొనాలనీ, దానికి 15 ఆంపియర్ల సాకెట్టు, మెయిను నుంచి లావుపాటి వైరు వేయించాలనీ చెప్పాను. (ఇప్పుడు అమ్మే సాకెట్ల మీద 6, 16 అని ఉంటుంది.) దసరా బేరాలయ్యాక అమ్మ అన్నీ పెట్టించింది. చాలాకాలానికి ఆ కాయిల్ కూడా తెగింది. అమ్మ ప్లగ్గు పీకి, కొసలు వంచబోయి ఆగింది.

"ఏమే, ఇలా రా. చుట్లు లెక్కపెట్టు" అంది.