మీటరు మీద చిన్న అంకె

పోస్టు కొంచెం పొడుగు. ఫైబర్ పని నేర్చుకుంటున్న వాళ్లు, ఈసీఈ చదివే వాళ్లు మాత్రం కడదాకా చదవండి.

పోయిన ఎండాకాలం సెలవుల్లో మేము హాస్టల్ పిల్లోళ్లం ముగ్గురం పూతలపట్టు చుట్టుపక్కల ఇళ్లకు నెట్ ఇచ్చే ఒకాయన దగ్గర హెల్పర్లుగా చేరినాము. ఎవరు, ఏ కంపెనీ అని అడగొద్దు. నిచ్చెన మోసేది, తీగ లాగేది, ఇంట్లో బాక్సు బిగించేది మా పని. 2017 డిసెంబర్ 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారు ఏపీ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినారు. అది కరెంటు స్తంభాల మీదనే ఊర్లోకి వచ్చింది కాబట్టి ఫైబర్ అంటే ఇప్పుడు మా అవ్వకు కూడా తెలుసు. మేము పని చేసింది వాళ్ల దగ్గర కాదులెండి, వేరే చోట.

మూడో వారంలో పవర్ మీటరు మా చేతికిచ్చినారు. తీగ కొస దాంట్లో పెడితే ఎంత వెలుగు వస్తా ఉందో డీబీఎంలలో చూపిస్తుంది. సున్నా అంటే ఒక మిల్లీవాటు. మైనస్ 10 అంటే అందులో పదో వంతు, మైనస్ 20 అంటే నూరో వంతు. ఇంటి బాక్సుకు మైనస్ 27 దాకా పర్వాలేదు, అంతకు దిగితే కష్టం అని అన్న చెప్పినాడు. మాకు నేర్పింది అంతే.

నాయుడుపేట రోడ్డు దిగి లోపలికి పోతే మామిడితోట వెనకాల ఒక ఇల్లు. అక్కడ మీటరు మైనస్ 21 చూపించింది. బాగుంది అనుకుని బాక్సు పెట్టినాము. ఎర్ర లైటు కొట్టుకుంటానే ఉంది. బాక్సు పోయిందేమో అని ఇంకోటి తెచ్చి పెట్టినాము. అదీ అంతే. మళ్లీ కొలిస్తే అదే మైనస్ 21.

మూడో రోజు ఆ ఇంటాయన మా ఓనర్‌కు ఫోన్ చేసినాడు. "ఆ ఎరుకల పిల్లోళ్లు కొత్త బాక్సు ఎత్తకపోయి పాతది పెట్టినారేమో చూడు" అని. ఓనర్ స్పీకర్ పెట్టి ఉన్నాడు. మేము పక్కనే ఉన్నాము. ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు, కానీ బాక్సుల మీద నంబర్లు మాత్రం రిజిస్టర్‌తో సరిచూసినాడు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయిందని మనం గ్రూప్ పరీక్షలకు బట్టీ పడతాము కదా. అది ఏ ఊర్లో ఎంతవరకు రద్దయిందో ఆ పొద్దు తెలిసింది.

ఆ రాత్రి మీటరు అడిగి హాస్టల్‌కు తెచ్చుకున్నాము. దాని మీద ల్యాంబ్డా గుర్తున్న బటన్ ఒకటి ఉంది. స్క్రీన్ మూలలో చిన్నగా 850 అని ఉంది. అన్ని రోజులూ అది కంపెనీ మోడల్ నంబర్ అనుకున్నాము! నొక్కితే 1310 అయింది, ఇంకోసారి నొక్కితే 1490. అప్పుడు పుస్తకం తీసినాము.

ఇంటికొచ్చే తీగలో వెలుగు మన కంటికి కనపడదు. కిందికి వచ్చేది 1490 నానోమీటర్లు, ఇంటి నుంచి పైకి పోయేది 1310. మీటరులో ఇండియం గ్యాలియం ఆర్సెనైడ్‌తో చేసిన చిన్న డయోడు ఉంటుంది. వెలుగు పడితే దాంట్లో కరెంటు పుడుతుంది. ఒక మిల్లీవాటు వెలుగు పడితే 1490 దగ్గర సుమారు ఒక మిల్లీఆంపియర్ వస్తుంది, 850 దగ్గర అందులో ఐదో వంతు. డయోడుకు రంగు తెలీదు, కరెంటు ఒకటే తెలుసు. రంగు మనం చెప్పాలి. మేము 850 అని చెప్పినాము కాబట్టి అది "ఈ కరెంటు రావాలంటే ఐదింతల వెలుగు పడుండాలి" అని లెక్కేసి చూపించింది. ఐదింతలు అంటే 7 డీబీ. మైనస్ 21 కాదు, మైనస్ 28.

పాలకేంద్రానికి పాలు పోసే ఇళ్ల వాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. వేడి పాలల్లో లాక్టోమీటరు ముంచితే ఎక్కువ దిగిపోతుంది, నీళ్లు కలిపినావంటారు. వేడి ఎంతో చూసి లెక్క సరిచేయాలి.

పొద్దున్నే పోయి తీగంతా వెతికినాము. కిటికీ మూలలో మేకు కొట్టి తీగను లంబంగా వంచి ఉంది. కొట్టింది మేమే. వంపు వదులు చేసి, బటన్ 1490లో పెట్టి కొలిస్తే మైనస్ 20. పచ్చలైటు వచ్చింది.

ఇక్కడ మాకు నచ్చిన సంగతి ఒకటుంది. తరంగం పొడుగయ్యే కొద్దీ వెలుగు గాజు నడిబొడ్డు దాటి బయటికి ఎక్కువ పరుచుకుంటుంది. అందుకే ఒకే వంపు దగ్గర 1310 కంటే 1490, దానికంటే 1550 ఎక్కువ కారిపోతాయి. పెద్ద ఎక్స్ఛేంజీల్లో ఒకే తీగలో పదుల కొద్దీ రంగులు పంపిస్తారు, ఎక్కువగా 1530 నుంచి 1565 మధ్యన. నడిచే లైనును తెంచి కొలవలేరు కాబట్టి రెండు గాజు తీగలు కలిపి కరిగించిన కప్లర్‌తో నూటికి ఒకటో ఐదో వంతు వెలుగు పక్కకు తీసి డయోడు మీద వేస్తారు. ఆ పక్కకు దూకే వాటా కూడా రంగును బట్టి మారుతుంది, కారణం అదే పరుచుకోవడం. లైనులో ఏమీ తేడా లేకపోయినా ఒక రంగు బలంగా, ఇంకోటి నీరసంగా కనపడుతుంది. అది నమ్మి యాంప్లిఫయర్‌ను సరిచేస్తే బాగున్న రంగును చెడగొట్టినట్టే. ఎండకు వేడెక్కితే కొలతలో ఇంకో తేడా.

దానికి చేసేవి కొన్ని ఉన్నాయి. కొంచెం తేడా ఉన్న రెండు తీగలతో కప్లర్ చేస్తే వాటా అన్ని రంగులకూ దాదాపు సమానంగా వస్తుంది. లేదంటే ఫ్యాక్టరీలోనే ఒక్కో రంగుకు, ఒక్కో వేడికి కొలిచి ఎంత కలపాలో చిప్‌లో రాసిపెడతారు. ఇంత చేసినా ఎస్ఎఫ్‌పీ మాడ్యూళ్ల ప్రమాణం ఎస్ఎఫ్ఎఫ్-8472లో అందే వెలుగు కొలతకు ప్లస్ ఆర్ మైనస్ 3 డీబీ దాకా తేడా ఒప్పుకున్నారు. అంటే రెండింతలో, సగమో! పరికరం స్క్రీన్ మీద అంకె చూసి ఎవరి మీదైనా మాట అనేముందు ఇది గుర్తుంటే బాగుండు.

ఆ ఇంటాయన పచ్చలైటు చూసి "సరే పోండి" అన్నాడు. ఇంటామె మాత్రం మజ్జిగ ఇచ్చింది. ఓనర్‌కు మేకు మేమే కొట్టినామని చెప్పేసినాము, బటన్ సంగతి కూడా. ఆయనకూ అది తెలీదు. ఇంకా రెండు మీటర్లు ఉంటే అవీ తీసి చూసినాడు.

మీటరు మీద ప్లాస్టర్ అంటించి స్కెచ్ పెన్‌తో 1490 అని రాసినాము. అయినా దాన్ని ఆపి మళ్లీ వేస్తే 850కే వస్తుంది. ప్రతి ఇంటి దగ్గరా రెండుసార్లు నొక్కాల్సిందే.