రెండు వందల గీత, మూడు ఫ్యాన్లు

నారాయణఖేడ్‌లో ఏప్రిల్ వచ్చిందంటే డాబా ఇళ్లలో పొద్దున పదకొండు నుంచి అర్ధరాత్రి దాటేదాకా ఫ్యాన్ ఆపే మాటే ఉండదు. మా ఇంటి కరెంటు బిల్లు ఏడాదిలో ఎనిమిది నెలలు సున్నా. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం నెలకు పదమూడు వందల పైచిలుకు వచ్చేది. ఇంత తేడా ఎక్కడిదో చూద్దామని ఏడాది బిల్లులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. రిమోట్ ఫ్యాన్లు కొనాలన్న నిర్ణయం ఆ కాగితాల్లోంచే వచ్చింది.

గృహజ్యోతి పథకం 2024 మార్చి నుంచి అమల్లో ఉంది. తెల్ల రేషన్ కార్డు ఉండి, మీటరు నంబరు నమోదైన ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. 201వ యూనిట్ తిరిగిందా, ఆ నెల మొదటి యూనిట్ నుంచీ కట్టాలి. పైగా రేటు కూడా మారిపోతుంది. వంద దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి వందకు 3.40, రెండో వందకు 4.80 చొప్పున రేటు. 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లూ 5.10 చొప్పున, ఆపైన 300 దాకా 7.70, 400 దాకా 9 రూపాయలు. మా ఇల్లు వేసవిలో 240 దగ్గర ఉండేది. అంటే 1,020కి 308 కలిపి 1,328 రూపాయలు. ఫిక్స్‌డ్ ఛార్జీలు, సుంకం అదనం. ఆ 40 యూనిట్లు వాడకపోయి ఉంటే రూపాయి కట్టే పని లేదు.

కాబట్టి నాకు కావాల్సింది నెలకు ఓ యాభై యూనిట్లు తగ్గే దారి. కూలర్ ఆపలేం, ఫ్రిజ్ ఆపలేం. బోరు మోటారు నీళ్లకు తప్పదు. మిగిలింది ఫ్యాన్లే. పాత ఫ్యాన్ ఫుల్ స్పీడులో 75 వాట్ల దాకా లాగుతుంది. బీఎల్‌డీసీ మోటారు ఉన్న ఫ్యాన్ దాదాపు అంతే గాలికి 30 వాట్ల దగ్గర తిరుగుతుంది. పాత మోటారులో తిరిగే భాగంలోనూ కరెంటు పుట్టించి నడపాలి, అందులో కొంత వేడిగా పోతుంది. కొత్తదాంట్లో ఆ భాగానికి శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. ఎప్పుడు ఏ తీగచుట్టకు ఎంత కరెంటు వెళ్లాలో లోపలి చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చూసుకుంటుంది. తేడా 45 వాట్లు. హాల్లోనూ అమ్మ గదిలోనూ వేసవిలో రోజుకు పదహారు గంటలు తిరుగుతాయి, మా పడకగదిలో పది గంటలు. మూడూ మారిస్తే నెలకు సుమారు 57 యూనిట్లు మిగులుతాయి. 240 కాస్తా 183 అవుతుంది.

ఒక్కో ఫ్యాన్ మూడు వేల చొప్పున తొమ్మిది వేలు. వేసవి నాలుగు నెలల బిల్లు ఐదు వేల మూడు వందలు దాటేది. రెండు వేసవులు గడిచేలోపే పెట్టిన డబ్బు తిరిగొస్తుంది. మిగతా ఎనిమిది నెలల్లో ఈ ఫ్యాన్లు మా ఇంటికి మిగిల్చేది సున్నా, ఎందుకంటే అప్పుడు బిల్లే సున్నా. ఈ ఒక్క మాట దుకాణంలో ఎవరూ చెప్పరు. “నెలకింత ఆదా, ఏడాదికింత ఆదా” అని అట్టపెట్టె మీద రాసిన లెక్క పన్నెండు నెలలకూ ఒకే రేటు వేసి చూపిస్తుంది.

మా వీధిలోనే కార్డు ఉండి వేసవిలోనూ 150 దాటని ఇళ్లున్నాయి. వాళ్లు ఉన్న ఫ్యాన్ బాగుండగా దాన్ని మార్చి మూడు వేలు పెట్టడం దండగని నేను మొహం మీదే చెప్తాను. కార్డు లేని ఇల్లు 240 నుంచి 183కి దిగితే బిల్లు 1,328 నుంచి 738కి వస్తుంది. ఆ 57 యూనిట్లలో ఒక్కొక్కటి పది రూపాయలకు పైగా మిగిల్చినట్టు. 800 యూనిట్లు దాటినవాళ్లకు పడే అత్యధిక రేటే పది రూపాయలు మరి! ఏసీ పెట్టుకుని 350 కాల్చే ఇంటికి అదే ఫ్యాన్లతో ఐదు వందల నాలుగు తగ్గుతుంది. ఒకే ఫ్యాన్, ఒకే ఆదా; డబ్బు మాత్రం ఇంటింటికీ వేరు. అందుకే కొనేముందు పన్నెండు నెలల బిల్లులు చూడమంటాను.

బీదర్‌లో ఉండే మా బావమరిది ఈ లెక్క విని తన బిల్లు తీశాడు. 1956 దాకా మా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోదే, అందుకే ఇక్కడ సగం ఇళ్లకు అటువైపు చుట్టరికాలు. కర్ణాటకలోనూ పథకం పేరు గృహజ్యోతే, 2023లో మొదలైంది, అక్కడా గరిష్ఠం 200. కాకపోతే అక్కడ ఒక్కో ఇంటి హద్దు ఆ ఇంటి 2022-23 సగటు వాడకాన్ని బట్టి ఉంటుంది. సగటుకు కొంచెం కలిపి అంతవరకు ఉచితం, ఆపైన వాడినదానికి కట్టాలి. అతని ఇల్లు ఆ హద్దును ఏ కొంచెమో దాటుతుంది. మూడు ఫ్యాన్లు అతనికి అనవసరం, ఎక్కువ తిరిగే హాలు ఫ్యాన్ ఒక్కటి మారిస్తే చాలని ఇద్దరం తేల్చాం.

ఇక రిమోట్ సంగతి. అమ్మకు మోకాళ్ల నొప్పి. తెల్లవారుజామున చలి పుడితే స్పీడు తగ్గించడానికి లేచి బోర్డు దాకా నడవాలి. పాత ఫ్యాన్‌కే రిమోట్ కిట్ బిగిస్తామని ఒకరు చెప్పారు, ఖర్చు వెయ్యి లోపే. అమ్మ కష్టం తీరుతుంది గానీ మోటారు అదే, వాట్లు అవే. రిమోట్ ఉన్న ప్రతి ఫ్యానూ కరెంటు తక్కువ తాగుతుందని చాలామంది నమ్ముతున్నారు, అది నిజం కాదు. పెట్టె మీద బీఎల్‌డీసీ అని ఉందా, ఎన్ని వాట్లు, నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి అన్నవి చూడాలి. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. వాట్‌కు ఎంత గాలి ఇస్తుందన్నదాన్ని బట్టే ఆ నక్షత్రాలు. ఐఐటీ బాంబేలో చదివిన మనోజ్ మీనా, సిబబ్రత దాస్ 2012లో మొదలుపెట్టిన ఆటంబర్గ్ ఇలాంటి ఫ్యాన్లను ఇళ్లలోకి తెచ్చినవాటిలో ముందుంది. ఇప్పుడు పాత కంపెనీలన్నీ చేస్తున్నాయి. మా ఊరి దుకాణాల్లోనే దొరుకుతున్నాయి.

ఆన్‌లైన్‌లో రెండు వందలు తక్కువకు ఉన్నా ఊళ్లోనే కొన్నాను. వారంటీ పని పడితే తేదీ, ముద్ర ఉన్న బిల్లు చేతిలో ఉండాలి, అడగడానికి మనిషి ఎదురుగా ఉండాలి. వాయిదాల మీద ఇస్తామన్నారు, వద్దన్నాను. మూడు వేల వస్తువుకు ప్రాసెసింగ్ ఫీజు కడితే ఆదాలో ముందే ఒక ముక్క పోయినట్టే. జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక్కొక్కటి చొప్పున నగదుకే తెచ్చుకున్నాం. ముందు హాలుకు, తర్వాత అమ్మ గదికి, ఆఖర్న మాకు. ఎక్కువ గంటలు తిరిగేది ముందు మారాలి.

బిగించిన తమ్ముడు ఫ్యాన్‌కు రెండు వందల యాభై తీసుకున్నాడు. పని తెలిసినవాడు. ముందు ఎంసీబీ దించాడు, తర్వాత స్లాబులోని కొక్కేన్ని గట్టిగా లాగి చూశాడు. రెగ్యులేటర్ తీసేస్తుంటే అమ్మ “ఉండనీయరాదు బిడ్డా, మంచిగనే ఉంది కదా” అంది. “ఉంచుతే లోపలి బోర్డు కాలిపోతదమ్మా, దీనికి ఎప్పుడూ నిండు కరెంటే పోవాలె” అన్నాడు. స్పీడు మార్చే పని ఫ్యాన్ లోపలి బోర్డుదే. మధ్యలో రెగ్యులేటర్ కరెంటును కోసి ఇస్తే అది దెబ్బతింటుంది. తీసినచోట వైరు నేరుగా కలిపి మూత బిగించాడు. రాడ్ బోల్టుకు స్ప్లిట్ పిన్ పెట్టి రెండు కాళ్లూ వంచాడా లేదా అన్నది మాత్రం మనమే కిందనుంచి అడిగి చూసుకోవాలి. బోల్టు జారకుండా ఆపేది అదే. రెక్కలు నేలకు ఎనిమిది అడుగుల ఎత్తున ఉండేలా రాడ్ ఎంచుకున్నాం.

సాయంత్రం వోల్టేజీ పడిపోయినప్పుడు పాత ఫ్యాన్ ఈడ్చుకుంటూ తిరిగేది, ఇవి అదే స్పీడులో ఉంటున్నాయి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద మూడు ఫ్యాన్లూ కలిపి తొంభై వాట్లే. ఇంతకుముందు రెండు వందల పాతిక.

ఈ ఫ్యాన్లతో నిజమైన ఇబ్బంది రిపేరు దగ్గర వస్తుంది. పాత ఫ్యాన్ నెమ్మదిస్తే యాభై రూపాయల కండెన్సర్, కాలిపోతే ఊళ్లోనే వైండింగ్; పొద్దున ఇస్తే సాయంత్రానికి తిరిగేది. దీని బోర్డు పోతే కంపెనీదే కావాలి, మనిషి సంగారెడ్డి నుంచో జహీరాబాద్ నుంచో రావాలి. వారంటీ అయ్యాక బోర్డుకు వెయ్యి దాకా పెట్టుకోవాల్సిందే. అందుకని ఫ్యాన్‌కు ఏడాదికి రెండు వందల చొప్పున విడిగా దాస్తున్నాను. పాతవాటిలో ఒకటి పాత సామాన్లవాడికి ఇవ్వకుండా రెగ్యులేటర్‌తో సహా సజ్జ మీద పెట్టించాను. ఎండాకాలంలో నాలుగు రోజులు మనిషి రాకపోతే అమ్మ గది ఖాళీగా ఉండకూడదు.

ఉరుములు మెరుపులు మొదలైతే రిమోట్‌తో ఆపి ఊరుకోం, గోడ స్విచ్ కూడా ఆపుతాం. రిమోట్‌తో ఆపినా లోపలి బోర్డుకు కరెంటు అందుతూనే ఉంటుంది. కందులు కొట్టే రోజుల్లో రెక్కల మీద దుమ్ము పేరుకుంటుంది. ఒక చేత్తో రెక్కను కింద ఆనించి, రెండో చేత్తో గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. ఆనించకుండా తుడిస్తే రెక్క వంగి ఫ్యాన్ ఊగుతుంది. మోటారు మీద నీళ్లు పడనీయం. చలికాలంలో రిమోట్లలోంచి సెల్లులు తీసేస్తాం, కారితే రిమోట్ పాడవుతుంది, కొత్తదానికి మళ్లీ రెండు మూడు వందలు.

ముందు గదిలో నాలుగో ఫ్యాన్ ఉంది, దాన్ని మార్చలేదు. చుట్టాలొస్తేనే తిరుగుతుంది, మార్చినా నెలకు రెండు మూడు యూనిట్లు మిగలవు. పాడయ్యాక చూస్తాం.