వేలములో నిలువలేని మగ్గము

నిన్న సాయంకాలము ఫోనులో గూగుల్ తెరచి 'పోచంపల్లి చీర' అని వెదకగా, మొట్టమొదట కనబడినవి 'స్పాన్సర్డ్' అను చిన్న అక్షరములు తలపై ధరించిన ప్రకటనలు. వానిలో కొన్ని మగ్గము మీద నేసినవి కావు, పోచంపల్లి ఇకత్ నమూనాను అచ్చొత్తిన బట్టలు. ఆ పైస్థానమునకు వెదకిన ప్రతిసారియు వేలము జరుగును. పాట మొత్తముతో పాటు ప్రకటన నాణ్యమును గూడ గూగుల్ లెక్కించును. నొక్కిన ప్రతిసారియు ప్రకటనకర్త రుసుము చెల్లించును. నూలునకు రబ్బరు పట్టీలు బిగించి, రంగులో ముంచి, విప్పి, మరల బిగించి, దినముల తరబడి ఒక్క చీరను నేయు మన నల్లగొండ సీమ నేతగానికి ఆ వేలమున పాడు శక్తి యెక్కడిది?

అయినను, ప్రకటనల క్రిందనున్న సహజ ఫలితములలో స్థానము ధనమిచ్చి కొనుటకు వీలులేనిది; కావున నేసిన ఊరి పేరును, మగ్గము ఛాయాచిత్రమును, పోచంపల్లి నేతకు 2005లో లభించిన భౌగోళిక గుర్తింపును, చీర వెలను తన వెబ్‌సైటులో తెలుగునను ఇంగ్లీషునను స్పష్టముగా వ్రాసికొన్నవానికి ఆ ద్వారము తెరచియే యున్నది. గద్వాల, నారాయణపేట నేతవారికిని ఇదియే మార్గము.

మిత్రులారా, చీర కొనబోవునప్పుడు మొదటి ఫలితముతో ఆగక, ఒక్క నిమిషము క్రిందికి జరిగి, నేసినవారి చిరునామా వెదకుడు.